నోటి క్యాన్సర్, ముందస్తు దంత పరీక్ష: విజయవాడ, గుంటూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నోరు తెరిచి టార్చి వేస్తే కనిపించే చోట పుట్టే క్యాన్సర్ ఇది. దాన్ని మొదట అనుమానించడానికి స్కానింగ్ అక్కర్లేదు, రక్త పరీక్ష అక్కర్లేదు. అయినా మన దగ్గర చాలామంది ముదిరాకే ఆస్పత్రికి వస్తున్నారు. మొదట్లో నొప్పి ఉండకపోవడమే దీనికి పెద్ద కారణం. పన్ను సలిపితే అర్ధరాత్రయినా డాక్టరును వెతుక్కుంటాం. నొప్పి లేని తెల్ల మచ్చను మాత్రం ఆర్నెల్లు అద్దంలో చూసుకుంటూ గడిపేస్తాం. ఈ రెండు జిల్లాల జనం మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం.

నోటి క్యాన్సర్ అంటే సరిగ్గా ఎక్కడ వచ్చేది?

పెదవులు, బుగ్గల లోపలి పొర, చిగుళ్లు, నాలుక ముందు భాగం, నాలుక కింది భాగం, అంగిలి. వీటిలో ఎక్కడైనా రావచ్చు. మన దేశంలో ఎక్కువగా కనిపించేది బుగ్గకీ కింది చిగురుకీ మధ్య ఉండే సందులో. పొగాకో వక్కో దవడన పెట్టుకునే వాళ్లకు అది గంటల తరబడి నానేది అక్కడే కాబట్టి. దేశదేశాల క్యాన్సర్ లెక్కలు కట్టే గ్లోబోకాన్ 2022 అంచనాల ప్రకారం భారతదేశంలో ఒక్క ఏడాదిలో కొత్తగా బయటపడిన కేసులు 1 లక్షా 40 వేలకు పైనే.

నోట్లో పుండు వచ్చింది. క్యాన్సరేమోనని భయంగా ఉంది.

చాలావరకు కాదు. మామూలు నోటిపూత చిన్నగా, గుండ్రంగా, చుట్టూ ఎర్రటి అంచుతో ఉంటుంది. ముట్టుకుంటే భగ్గుమంటుంది. 7 నుంచి 14 రోజుల్లో దానంతటదే మానుతుంది. మళ్లీ వచ్చినా ఇంకో చోట వస్తుంది.

అనుమానించాల్సిన పుండు తీరు వేరు. ఒకే చోట ఉంటుంది, మానదు, నెమ్మదిగా పెరుగుతుంది. అంచులు కాస్త పైకి లేచి ఉంటాయి. వేలితో ఒత్తితే అడుగున గట్టిగా తగులుతుంది. నొప్పి ఉండకపోవచ్చు. అందుకే గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఒక్కటే: రెండు వారాలు. ఏ పుండయినా, మచ్చయినా, గడ్డయినా రెండు వారాలు దాటి ఉంటే డెంటిస్టుకు చూపించాలి.

ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతున్నారు. మందుల షాపులో నోటిపూత జెల్ కొని రాస్తారు, బీ కాంప్లెక్స్ మాత్రలు పది రోజులు వేస్తారు, తగ్గకపోతే ఇంకో జెల్. జెల్‌లో ఉండే మత్తు మందు మంటను అణచేస్తుంది, పుండు అలాగే ఉంటుంది. ‘కొంచెం తగ్గినట్టే ఉంది’ అనుకుంటుండగానే మూడు నెలలు దాటిపోతాయి. జెల్ వాడితే తప్పు లేదు. కానీ మొదటి రోజే క్యాలెండరు మీద తేదీ రాసుకుని, పద్నాలుగో రోజుకు మానకపోతే జెల్ పక్కన పెట్టి బయల్దేరండి.

గుంటూరు కారం తింటే నోటి క్యాన్సర్ వస్తుందా?

మిరపకాయకీ నోటి క్యాన్సర్‌కీ సంబంధం ఉందనడానికి సరైన ఆధారం లేదు. ఆవకాయ, గోంగూర, పండుమిరప పచ్చడి భయం లేకుండా తినొచ్చు.

అసలు అడగాల్సింది వేరే ఉంది: నిన్నమొన్నటి దాకా హాయిగా తిన్న కారం ఇప్పుడు తట్టుకోలేకపోతున్నారా? పచ్చడి మెతుకు తగిలితే నోరంతా మండిపోతోందా? ఇంట్లో అందరూ తింటున్న కూరే మీ ఒక్కరికి మంటగా ఉందా? వక్క, గుట్కా, పాన్ మసాలా నమిలే మనిషికి ఇలా మొదలైతే అది వక్క వల్ల నోటి లోపలి పొర గట్టిపడే జబ్బుకు తొలి గుర్తు. డాక్టర్లు దీన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. ‘వయసు పైబడుతోంది, కారం పడట్లేదు’ అని చప్పటి కూరకు మారిపోయే వాళ్లుంటారు. కారం లేనిదే ముద్ద దిగని ఊళ్లలో ఇంత స్పష్టంగా తెలిసే గుర్తు ఇంకొకటి లేదు. దాన్ని చప్పటి కూరతో కప్పేయకండి.

మా వాడికి నోరు పూర్తిగా తెరుచుకోవట్లేదు. ఎంత తెరుచుకుంటే మామూలు?

తన చేతి చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు ఒకదాని మీద ఒకటి నిలువుగా పెట్టి పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య దూర్చమనండి. మూడూ పట్టాలి. స్కేలుతో కొలిస్తే పెద్దవాళ్లలో 35 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే తగ్గినట్టే. రెండు వేళ్లే పడుతున్నాయంటే జబ్బు చాలా దూరం వచ్చింది.

లోపల జరిగేది ఇది. వక్కలోని అరెకోలిన్, రాగి లాంటివి బుగ్గ పొర కింద నారలాంటి కణజాలాన్ని విపరీతంగా పెంచుతాయి. మెత్తగా సాగాల్సిన బుగ్గ తోలులా బిగుసుకుంటుంది. బుగ్గ లోపల వేలు పెట్టి పైకీ కిందకీ రాస్తే తాళ్లలాంటి పట్టీలు తగులుతాయి. పొర పాలిపోయి తెల్లగా కనిపిస్తుంది. ఈల వేయడం, బుగ్గలు పూరించడం, నాలుక బయటికి చాపడం కష్టమవుతుంది. పళ్లు సరిగా తోముకోలేక నోరు పాడవుతుంది. రేపు ఏ ఆపరేషన్‌కైనా మత్తు ఇవ్వాల్సివస్తే గొట్టం వేయడం కూడా కష్టం.

గట్టిపడిన పొర తిరిగి పూర్తిగా మామూలు కాదు. వక్క మానేస్తే అక్కడితో ఆగే అవకాశం ఉంది, మానకపోతే ఏ మందూ పనిచేయదు. స్టెరాయిడ్, హయలురోనిడేజ్ ఇంజెక్షన్లు బుగ్గ లోపలే కొన్ని వారాలపాటు ఇస్తారు. దాంతోపాటు రోజూ వ్యాయామం: ఐస్‌క్రీమ్ పుల్లల్లాంటి చెక్క పలకల్ని దొంతరగా పళ్ల మధ్య పెట్టుకుని అయిదు నిమిషాలు ఉంచడం, రోజుకు నాలుగైదు సార్లు, అలవాటు పడ్డాక ఒక్కో పుల్లా పెంచుకుంటూ పోవడం. ఇంజెక్షన్లు చేయించుకుని వ్యాయామం వదిలేసిన వాళ్లకు నోరు మళ్లీ బిగుసుకుంటుంది. ఈ జబ్బున్న వాళ్లలో, వేర్వేరు అధ్యయనాల లెక్కలో, నూటికి సుమారు 4 నుంచి 8 మందికి కాలక్రమంలో క్యాన్సర్ వస్తుంది. అందుకని నోరు కాస్త తెరుచుకున్నా పరీక్షలు మానకూడదు.

నేను పొగాకు ముట్టను. ఉత్త వక్కపొడే. అది కూడా తప్పేనా?

తప్పే. ఈ జవాబు చాలామందికి రుచించదని తెలుసు, ఎందుకంటే భోజనం తర్వాత వక్కపొడి మన మర్యాదలో భాగం. తాంబూలంలో వక్క లేనిదే పెళ్లి కాదు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే పొగాకు కలవని వక్కను కూడా మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది. ప్యాకెట్ మీద ‘పొగాకు లేదు’ అని రాసి ఉండటం నిజమే కావచ్చు, దాని అర్థం ప్రమాదం లేదని కాదు.

ఏడాదికోసారి పెళ్లిలో వేసుకునే కిళ్లీకీ, జేబులో ప్యాకెట్ పెట్టుకుని రోజంతా నమిలే వక్కకీ తేడా ఉంది. ఎన్నేళ్లు, రోజుకు ఎన్నిసార్లు, నోట్లో ఎంతసేపు ఉంచుకుంటున్నారన్న దాన్ని బట్టి ప్రమాదం పెరుగుతుంది. పిల్లల చేతికి తీపి వక్కపొడి ప్యాకెట్లు ఇవ్వడం మాత్రం ఈ రోజే ఆపాలి. అలవాటు అక్కడే మొదలవుతుంది.

గుట్కా నిషేధం కదా, మరి ఇప్పుడు దొరికేదేంటి?

మన రాష్ట్రంలో గుట్కా మీద నిషేధం 2013 నుంచి ఉంది. దాంతో పాన్ మసాలా ఒక పొట్లంలో, నమిలే పొగాకు ఇంకో పొట్లంలో అమ్మడం మొదలైంది. రెండూ చించి అరచేతిలో కలుపుకుంటే మళ్లీ గుట్కానే. ఖైనీలో సున్నం కలిపి నలపడం వెనక కూడా లెక్క ఉంది. సున్నం క్షార గుణం వల్ల నికోటిన్ నోటి పొరలోంచి త్వరగా రక్తంలోకి వెళ్తుంది. అందుకే ‘కిక్కు’ తొందరగా ఎక్కుతుంది, అందుకే మానడం కష్టమవుతుంది. అదే సున్నం పొరను కాల్చి, పొగాకులోని విషాలు లోపలికి దిగడానికి దారి చేస్తుంది.

ఆటోనగర్‌లో రాత్రి షిఫ్టులు చేసేవాళ్లు, లారీలు నడిపేవాళ్లు, మిర్చి యార్డులో బస్తాలు మోసేవాళ్లు నిద్రా ఆకలీ తెలియకుండా ఉండటానికి ఖైనీ దవడన పెట్టుకుంటామంటారు. ఆ అవసరం నిజమైనదే, వాళ్లను తిట్టి లాభం లేదు. అయితే దవడన పెట్టుకున్నది అలాగే ఉంచుకుని నిద్రపోవడం అన్నిటికన్నా ప్రమాదం. లాలాజలం తగ్గిపోయిన నోట్లో ఆరేడు గంటలు ఒకే చోట అది ఊరుతూ ఉంటుంది.

సిగరెట్, బీడీ, చుట్ట, మందు?

పొగాకు ఏ రూపంలో ఉన్నా ప్రమాదమే. మద్యం ఒక్కటీ సొంతంగా కూడా నోటి క్యాన్సర్‌కు కారణమే. రెండూ కలిస్తే ప్రమాదం కూడికలా కాదు, గుణింతంలా పెరుగుతుంది. ‘మందు కొట్టినప్పుడే సిగరెట్ తాగుతా’ అనేవాళ్లు తక్కువ ప్రమాదంలో ఉన్నామనుకుంటారు. సరిగ్గా ఆ రెండూ కలిసే వేళనే ఎంచుకుంటున్నారు.

ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో పెద్ద వయసు ఆడవాళ్లు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. దాన్ని అడ్డపొగ అంటారు. ఆ వేడికీ పొగకూ అంగిలి మీద మచ్చలు, పుండ్లు, ఆపైన క్యాన్సర్ వస్తాయి. అక్కడి నుంచి వచ్చి మీ ఇంట్లో ఉంటున్న అమ్మమ్మకో నానమ్మకో ఈ అలవాటుంటే, ఆమె కట్టుడు పళ్లు తీయించి అంగిలి తప్పక చూపించండి.

ఇంకో సంగతి. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు గుంటూరు. చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలు ఈ పంట మీదే బతికాయి. పండించడం తినడానికి అనుమతి కాదు.

ఏ అలవాటూ లేని వాళ్లకు రాదా?

వస్తుంది, తక్కువమందికి. ముఖ్యంగా నాలుక పక్కల్లో. టాన్సిల్స్, నాలుక మొదలు దగ్గర వచ్చే గొంతు క్యాన్సర్లలో కొన్నిటికి హెచ్‌పీవీ వైరస్ కారణం, అవి అద్దంలో కనిపించవు. ‘నాకు ఏ అలవాటూ లేదు కాబట్టి ఇది క్యాన్సర్ కాదు’ అని మీరు అనుకోకూడదు, డాక్టరు కూడా అనుకోకూడదు. రెండు వారాల లెక్క అందరికీ ఒకటే.

విరిగిన పన్ను గుచ్చుకుని పుండు పడింది. ఏం చేయాలి?

ఆ పన్ను అంచు నున్నగా అరగదీయించుకోండి, లేదా సరిగా కూర్చోని కట్టుడు పళ్లు సరిచేయించుకోండి. అక్కడి నుంచి రెండు వారాలు చూడండి. కారణం తీసేశాక కూడా పుండు మానలేదంటే ముక్క పరీక్ష (బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో చూడటం) చేయించాలి. చాలాచోట్ల జరిగే పొరపాటు, పన్ను అరగదీశాక తిరిగి చూపించుకోకపోవడం.

పన్ను ఊరికే కదులుతోంది. పీకించేస్తే పోతుంది కదా?

తొందరపడకండి. చిగుళ్ల జబ్బు ఉంటే సాధారణంగా చాలా పళ్లు కొద్దికొద్దిగా కదులుతాయి. మిగతావన్నీ గట్టిగా ఉండి ఒక్క పన్నో, పక్కపక్కన రెండో కదులుతుంటే, ఆ చోట చిగురు ఉబ్బి, ముట్టుకుంటే రక్తం వస్తుంటే, ముందు ఎక్స్‌రే తీయించి చూడాలి. చిగురులో పెరిగే క్యాన్సర్ ఎముకను తినేసి పన్నును వదులు చేస్తుంది. అది తెలియక పన్ను పీకేస్తే ఆ గుంత మానదు, అందులోంచి కండ పెరుగుతుంది. పన్ను పీకించుకున్న చోట మూడు నాలుగు వారాలైనా పూడకపోతే అదే డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లి గట్టిగా అడగండి. కింది పెదవి, గడ్డం తిమ్మిరిగా ఉన్నా వెంటనే చూపించాలి.

తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ: రెండిట్లో ఏది చెడ్డది?

ఎర్రది. గీకితే పోని తెల్ల మచ్చను ల్యూకోప్లేకియా అంటారు. వీటిలో ఏడాదికి నూటికి ఒకటి రెండు క్యాన్సర్‌గా మారతాయని లెక్క. మచ్చ అంతా ఒకే తీరుగా, పల్చగా ఉంటే ప్రమాదం తక్కువ. గరుకుగా, ఎరుపు తెలుపు కలిసి చుక్కలు చుక్కలుగా ఉంటే ఎక్కువ. మెత్తటి మఖమల్ గుడ్డలా ఎర్రగా ఉండే మచ్చలు అరుదు, కానీ ముక్క తీసి చూస్తే వాటిలో ఎక్కువ భాగం అప్పటికే తీవ్రంగా మారిన కణాలతోనో క్యాన్సర్‌తోనో ఉంటాయి. కనిపించిన వారంలోనే వెళ్లాలి.

ఇంట్లో నెలకోసారి నోరు ఎలా చూసుకోవాలి?

కావలసినవి: అద్దం, ఫోన్ టార్చి, శుభ్రమైన పొడి గుడ్డ ముక్క, కడిగిన చేతులు. అయిదు నిమిషాలు చాలు. కట్టుడు పళ్లుంటే తీసేయండి. నోరు పుక్కిలించండి.

ముందు ముఖం చూడండి, రెండు వైపులూ ఒకేలా ఉన్నాయా అని. దవడ కింద, మెడ పక్కల వేళ్లతో మెల్లగా నొక్కుతూ గడ్డలున్నాయేమో తడమండి. తర్వాత పై పెదవి పైకి, కింది పెదవి కిందకి తిప్పి లోపల చూడండి. చూపుడు వేలితో బుగ్గను బయటికి లాగి వెనక జ్ఞానదంతం దాకా టార్చి వేయండి, చిగురుకీ బుగ్గకీ మధ్య సందు తప్పకుండా చూడాలి. మీరు పొగాకు ఏ వైపు పెట్టుకుంటారో ఆ వైపు రెండోసారి చూడండి. బుగ్గను బొటనవేలు లోపల, చూపుడు వేలు బయట పెట్టి నొక్కుతూ జరపండి. గట్టిగా తగిలే చోటు ఉండకూడదు.

ఇక నాలుక. బయటికి చాపి, కొసను గుడ్డతో పట్టుకుని ఒక పక్కకు లాగి అంచంతా చూడండి, తర్వాత రెండో పక్క. ఎక్కువమంది వదిలేసేది ఈ అంచుల వెనక భాగాన్నే. నాలుక కొసను అంగిలికి తాకించి కింది భాగం చూడండి. చివరగా తల వెనక్కి వాల్చి అంగిలి.

నాలుక వెనక వరసగా ఉండే పెద్ద బుడిపెలను, కింది దవడ లోపలి వైపు తగిలే గట్టి ఎముక గుబ్బలను చూసి కంగారు పడొద్దు, చాలామందికి పుట్టుకతోనో వయసుతోనో ఉంటాయి. రెండు వైపులా ఒకేలా ఉన్నది చాలావరకు మామూలే. ఒక వైపే ఉన్నదాన్ని పట్టించుకోవాలి. ఫోటో తీసి ఉంచుకుంటే వచ్చే నెల పోల్చుకోవచ్చు.

ఇంట్లో చూసుకోవడం డాక్టరు పరీక్షకు బదులు కాదు. నాలుక అడుగునా గొంతు దగ్గరా మనకు మనం సరిగా చూసుకోలేం.

డెంటిస్టు దగ్గర స్క్రీనింగ్ అంటే ఏం చేస్తారు? నొప్పి ఉంటుందా?

నొప్పేమీ ఉండదు, సూది ఉండదు. మూడు నుంచి అయిదు నిమిషాలు పడుతుంది. మంచి వెలుతురులో రెండు చిన్న అద్దాలతో బుగ్గలు ఎడంగా పట్టి, నాలుకను గాజుగుడ్డతో పట్టుకుని, పైన చెప్పిన చోట్లన్నీ వరసగా చూస్తారు, వేళ్లతో తడుముతారు, మెడ చూస్తారు, నోరు ఎంత తెరుచుకుంటోందో కొలుస్తారు. అనుమానం ఉన్న చోట టొలుయిడిన్ బ్లూ అనే నీలం రంగు పూసి ఎక్కడ ముక్క తీయాలో తేల్చుకునేవాళ్లూ ఉన్నారు. రంగు అంటుకోలేదు కాబట్టి భయం లేదని మాత్రం కాదు.

పన్ను నొప్పికని వెళ్లినప్పుడు ఆ పన్ను ఒక్కటే చూసి పంపడం రద్దీ క్లినిక్కుల్లో జరుగుతుంటుంది. మీరే అడగండి: ‘డాక్టరుగారూ, నాకు ఖైనీ అలవాటుంది, నోరంతా ఒకసారి చూడండి.’ ఏం నములుతారు, ఎన్నేళ్లుగా, రోజుకు ఎన్ని పొట్లాలు, ఏ వైపు పెట్టుకుంటారు: ఇవి దాచకుండా చెప్పండి. భార్య పక్కనుందనో, నాన్న వెంట వచ్చారనో అబద్ధం చెప్పేవాళ్లు చాలామంది. అలాంటప్పుడు వాళ్లను కాసేపు బయట కూర్చోమనండి.

ఎన్నాళ్లకోసారి చేయించుకోవాలి?

పొగాకు, వక్క, మద్యం అలవాటున్న వాళ్లు ఆర్నెల్లకోసారి. మచ్చ గానీ, నోరు బిగుసుకోవడం గానీ ఉన్నవాళ్లు డాక్టరు చెప్పినట్టు, మామూలుగా మూడు నెలలకోసారి. ఏ అలవాటూ లేనివాళ్లు ఏడాదికోసారి పళ్లు చూపించుకున్నప్పుడే నోరు కూడా. ప్రభుత్వ కార్యక్రమంలో 30 ఏళ్లు దాటిన అందరికీ అయిదేళ్లకోసారి నోటి పరీక్ష ఉంది, ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలు ఇంటికి వచ్చి వివరాలు అడిగేది అందుకే. వాళ్లు వచ్చినప్పుడు ‘మాకేం లేదమ్మా’ అని గుమ్మంలోంచే పంపేయకండి.

ఇలా చూడటం వల్ల నిజంగా ప్రాణాలు దక్కుతాయా?

దక్కుతాయని చూపింది మన దక్షిణాదిలోని కేరళే. తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలుపెట్టి, 35 ఏళ్లు దాటిన వాళ్లను కొన్ని ప్రాంతాల్లో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోరు చూశారు, మిగతా ప్రాంతాల్లో మామూలుగా వదిలేశారు. 2005లో ప్రకటించిన ఫలితాల్లో, పొగాకు గానీ మద్యం గానీ అలవాటున్న వాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. ఏ అలవాటూ లేనివాళ్లలో అంత తేడా కనిపించలేదు. అందుకే ఎవరి నోరు ముందు చూడాలన్న ప్రశ్నకు సందేహం లేని జవాబు: నమిలేవాళ్లది, కాల్చేవాళ్లది, తాగేవాళ్లది.

గడ్డ రెండు సెంటీమీటర్ల లోపు, లోతు తక్కువగా, మెడకు పాకకుండా ఉన్నప్పుడు దొరికితే పదిమందిలో ఎనిమిది మంది దాకా అయిదేళ్లు దాటి బతుకుతారు. మెడ గ్రంథులకు పాకితే ఆ అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది. బతికినవాళ్లకు కూడా తేడా పెద్దదే: చిన్న కోతతో ఇంటికి వెళ్లడం ఒకటి, సగం దవడ తీయించుకుని తొడ చర్మంతో బుగ్గ కట్టించుకోవడం ఇంకొకటి.

ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ పాకిపోతుందంటారు కదా?

పాకదు. ఈ ఒక్క మాట వల్ల పోయిన నెలలు, పోయిన ప్రాణాలు ఎన్నో. ముక్క పరీక్ష తర్వాత పాకినట్టు కనిపించేవాళ్లు అప్పటికే ఆలస్యంగా వచ్చినవాళ్లు. ముక్క తీయకుండా క్యాన్సర్ అని తేల్చలేరు, తేల్చకుండా వైద్యం మొదలుపెట్టలేరు.

పన్ను పీకేటప్పుడు ఇచ్చేలాంటి మత్తు సూదే ఇస్తారు. పరగడుపున రానక్కర్లేదు, తినే రావాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా ఆపొద్దు. నాలుగైదు మిల్లీమీటర్ల ముక్కను పుండు మధ్యలోంచి కాకుండా, అంచు దగ్గర అనుమానం ఎక్కువున్న చోట తీస్తారు. మధ్యలో చచ్చిన కణజాలం ఉంటుంది, దాంతో రిపోర్టు తేలదు. ముక్కను వెంటనే పది శాతం ఫార్మలిన్‌లో వేయాలి. మీ చేతికిచ్చి ల్యాబ్‌కు పంపితే డబ్బాలో ఉన్నది ఫార్మలినేనా, పేరు, తేదీ, నోట్లో ఏ చోటో రాశారా అని చూసుకోండి. ఉప్పునీళ్ల సెలైన్‌లో వేస్తే ముక్క పాడైపోయి మళ్లీ తీయాల్సి వస్తుంది.

ఇంటికి వెళ్లాక గాజుగుడ్డ అరగంట ఒత్తి పెట్టండి. ఆ రోజంతా వేడివీ కారంవీ వద్దు, ఉమ్మకండి, స్ట్రాతో పీల్చకండి. మర్నాటి నుంచి గోరువెచ్చటి ఉప్పునీళ్లతో పుక్కిలించండి. రిపోర్టు సాధారణంగా వారం లోపు వస్తుంది.

రిపోర్టులో ‘డిస్‌ప్లేషియా’ అని ఉంది. క్యాన్సరా?

ఇంకా కాదు. కణాలు దారి తప్పడం మొదలైందని అర్థం. స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని మెట్లు రాస్తారు. స్వల్పమైతే అలవాటు మానిపించి దగ్గరగా గమనిస్తారు, తీవ్రమైతే ఆ మచ్చను తీసేస్తారు. ‘కార్సినోమా’ అన్న మాట ఉంటే, దాని పక్కన ‘వెల్ డిఫరెన్షియేటెడ్’ అని ఉన్నా సరే, అది క్యాన్సరే. ‘వెల్’ అన్న మాట చూసి బాగుందనుకుని ఇంటికి వెళ్లిపోయేవాళ్లున్నారు.

విజయవాడ, గుంటూరులో ఎక్కడికి వెళ్లాలి? ఖర్చు భరించగలమా?

మొదటి పరీక్షకు దగ్గర్లోని ఏ డెంటిస్టయినా చాలు. విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. గుంటూరు వైపు తక్కెళ్లపాడులో, గన్నవరం వైపు చినఅవుటుపల్లిలో దంత వైద్య కళాశాలలున్నాయి. వీటిలో ఓరల్ మెడిసిన్ విభాగం అని అడగండి, నోటి మచ్చల్ని చూసేది వాళ్లే. క్యాన్సర్ అని తేలితే గుంటూరు ప్రభుత్వ సర్వజనాస్పత్రిలో నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద అర్హులకు క్యాన్సర్ ఆపరేషన్, రేడియేషన్, కీమోథెరపీ ఉన్నాయి. బియ్యం కార్డు, ఆధార్, ముక్క రిపోర్టు పట్టుకుని ఆస్పత్రిలోని వైద్య సేవ కౌంటరుకు వెళ్లండి, వివరాలకు 104కు ఫోన్ చేయండి. రిపోర్టు వచ్చాక పసరు మందనీ, ఆకు కట్టనీ నెల రోజులు పోగొట్టుకోకండి. ఆ నెలలో జబ్బు ఒక దశ నుంచి ఇంకో దశకు పోవచ్చు.

మానాలనే ఉంది. ఎన్నిసార్లు మానినా మళ్లీ మొదలవుతోంది.

రెండో రోజు, మూడో రోజు అన్నిటికన్నా కష్టం. చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతాయి. ఒక్కో కోరిక అయిదు నిమిషాలకు మించి ఉండదు, ఆ అయిదు నిమిషాలు గడిపే దారి ముందే అనుకోవాలి: సోంపు, లవంగం, నీళ్లు, నాలుగడుగులు నడక. సోంపు కొనేటప్పుడు వక్క కలిపినది కాకుండా చూసుకోండి.

నికోటిన్ గమ్ వాడేవాళ్లలో ఎక్కువమంది దాన్ని బబుల్‌గమ్‌లా నమిలి, కడుపులో మంటగా ఉందని వదిలేస్తారు. పద్ధతి అది కాదు. నాలుగైదు సార్లు మెల్లగా నమిలి, నాలుక చురుక్కుమనగానే ఆపి బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి, చోటు మార్చాలి. ఒక్కోటి అరగంట. వేసుకునే ముందు పావుగంట కాఫీ, నిమ్మరసం, కూల్‌డ్రింక్ తాగొద్దు, పులుపు నికోటిన్‌ను పీల్చుకోనివ్వదు. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, తర్వాత దూరం పెంచుతూ మొత్తం పన్నెండు వారాలు. నిద్ర లేచిన అరగంటలోపే పొగాకు కావాల్సిన వాళ్లకు 2 మిల్లీగ్రాములది చాలకపోవచ్చు, డాక్టరును అడగండి. నోరు బిగుసుకున్నవాళ్లకు గమ్ నమలడం కష్టం, వాళ్లకు చర్మం మీద అంటించే ప్యాచ్ మేలు. ఉచిత సలహాకు జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356.

మానిన తర్వాత అయిదు నుంచి పదేళ్లలో నోటి క్యాన్సర్ ప్రమాదం సగానికి తగ్గుతుంది. సున్నాకు రాదు కాబట్టి మానినవాళ్లు కూడా పరీక్షలు కొనసాగించాలి.

రేడియేషన్‌కు ముందు పళ్లు చూపించుకోమన్నారు. ఇప్పుడు పళ్ల సంగతెందుకు?

చాలా ముఖ్యం కాబట్టి. దవడ మీద రేడియేషన్ పడ్డాక ఎముకకు రక్త ప్రసరణ తగ్గిపోతుంది. ఆ తర్వాత పన్ను పీకితే గుంత మానక ఎముక కుళ్లే ప్రమాదం జీవితాంతం ఉంటుంది. అందుకే బాగుచేయలేని పళ్లను రేడియేషన్ మొదలయ్యేలోపు, కనీసం రెండు వారాల ముందే తీసేయాలి. రేడియేషన్ సాధారణంగా ఆరేడు వారాలు, వారానికి అయిదు రోజులు ఉంటుంది. లాలాజలం ఎండిపోతుంది, పళ్లు మొదళ్ల దగ్గర పుచ్చుతాయి. రోజూ ఫ్లోరైడ్ జెల్, తరచూ గుటకలుగా నీళ్లు, మూడు నెలలకోసారి డెంటిస్టు. తర్వాత ఎప్పుడైనా కొత్త డెంటిస్టు దగ్గరికి వెళ్తే కుర్చీలో కూర్చోకముందే ‘నాకు దవడకు కరెంటు పెట్టారు’ అని చెప్పండి.

మెడలో గడ్డ లేకపోయినా మెడ ఆపరేషన్ కూడా చేయాలంటున్నారు. అవసరమా?

చాలా సందర్భాల్లో అవసరమే. ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రి వైద్యులు 2015లో ప్రకటించిన అధ్యయనంలో, తొలి దశ నోటి క్యాన్సర్‌లో మెడ గ్రంథులను ముందే తీసినవాళ్లలో మూడేళ్లకు 80 శాతం మంది బతికున్నారు. గడ్డ కనిపించాక తీద్దామని ఆగినవాళ్లలో 67.5 శాతం.

ఇది అంటుకుంటుందా? ఒకే కంచంలో తినొచ్చా?

అంటుకోదు. తినొచ్చు, పక్కన కూర్చుని తినిపించనూ వచ్చు.

ముక్క రిపోర్టులో ఏమీ లేదని వచ్చింది. ఇక వదిలేయొచ్చా?

మచ్చ ఇంకా ఉంటే వదలొద్దు. పెద్ద మచ్చలో ఒక మూల తీసిన ముక్క బాగున్నా ఇంకో మూల బాగుండకపోవచ్చు. ఆ రోజే ఫోన్‌తో ఫోటో తీసి, పక్కన చిన్న స్కేలు పెట్టి కొలత పడేలా చూడండి. మూడు నెలల తర్వాత అదే వెలుతురులో ఇంకో ఫోటో తీసి రెండూ డాక్టరుకు చూపించండి. పరిమాణం పెరిగినా, రంగు ఎరుపుకు తిరిగినా, పైన గరుకుదనం వచ్చినా, అడుగున గట్టిగా తగిలినా మళ్లీ ముక్క తీయమని అడగండి. పాత రిపోర్టు, పాత ఫోటో ఒకే కవర్లో పెట్టి ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచండి.